డాలస్ శివార్లలో ఇల్లు: ఇర్వింగా, ప్లేనోనా, ఫ్రిస్కోనా?

డాలస్‌లో ఉద్యోగం ఖాయం కాగానే మనవాళ్ల మధ్య మొదలయ్యే చర్చ ఒకటే: ఇర్వింగ్‌లో దిగాలా, ప్లేనోలోనా, ఫ్రిస్కోలోనా? ఊరి పేరు పట్టుకుని వాదించుకుంటే ఇది తేలదు. ఇక్కడ అడ్రస్‌లో రాసే ఊరు, పన్ను వేసే కౌంటీ, పిల్లల్ని చేర్చుకునే స్కూల్ డిస్ట్రిక్టు (ఐఎస్‌డీ), ఈ మూడింటి హద్దులూ ఒకదానితో ఒకటి కలవవు. ఇర్వింగ్‌లో రోడ్డుకు ఇటున్న అపార్ట్‌మెంటు పిల్లలు ఒక డిస్ట్రిక్టు బడికి, అటున్నవాళ్లు ఇంకో డిస్ట్రిక్టు బడికి వెళ్లడం మామూలే. అందుకని చూసిన ప్రతి అడ్రస్‌కూ నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఏ ఐఎస్‌డీ, ఏ కౌంటీ, ఆఫీసుకు దారిలో టోల్ ఎంత, ఇల్లు కట్టింది ఏ సంవత్సరం. ఈ నాలుగూ తెలిస్తే ఊరి సంగతి దానంతటదే తేలుతుంది.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాం. కొత్తగా వచ్చారు, కారు ఇంకా కొనలేదు, ప్రాజెక్టు ఎన్నాళ్లుంటుందో తెలియదు అంటే ఇర్వింగ్‌లో, అదీ ఆరెంజ్ లైన్ రైలు స్టేషన్‌కు నడిచే దూరంలో అద్దెకు దిగండి. ఇల్లు కొనాలి, పిల్లలు బడి వయసుకొచ్చారు, పాత ఇంటి మరమ్మతులకు భయపడరు అంటే ప్లేనో. ఇల్లు కొత్తగా ఉండాలి, పక్కింటివాళ్లు కూడా కొత్తవాళ్లే అయినా ఫర్వాలేదు, నెలనెలా టోల్ కట్టడానికి సిద్ధం అంటే ఫ్రిస్కో. ఎందుకలా అన్నామో, ఎక్కడ ఈ లెక్క తప్పుతుందో కింద చూడండి.

ఏ ఊరు ఎప్పుడు పెరిగింది

ఈ మూడూ రైలు రాకతో లేచిన ఊళ్లే. ప్లేనోకు 1872లో హ్యూస్టన్ అండ్ టెక్సస్ సెంట్రల్ రైలు వచ్చింది, మరుసటేడాదే అది లెక్కప్రకారం పట్టణమైంది. ఫ్రిస్కో 1902లో మొదలైంది. సెయింట్ లూయిస్–శాన్‌ఫ్రాన్సిస్కో రైలు కంపెనీని జనం పిలిచే ముద్దుపేరే ఊరి పేరుగా నిలిచింది. దగ్గర్లోని లెబనాన్ అనే పాత ఊరివాళ్లు కొందరు ఇళ్లతో సహా పట్టాల పక్కకు తరలిపోయారు. ఇర్వింగ్ 1903లో పుట్టింది. రాక్ ఐలండ్ రైలు మార్గం సర్వేకు వచ్చిన జె.ఓ. షుల్జ్, ఓటిస్ బ్రౌన్ ఇద్దరూ స్థలాలు గీసి అమ్మిన ఊరది.

పుట్టుక ఒకేలా ఉన్నా పెరిగిన కాలాలు వేరు. ఇల్లు కొనేవాళ్లకు అసలు పనికొచ్చే చరిత్ర ఇదే. ఇర్వింగ్ జనాభా 1950లో 2,621. పదేళ్లలో 45,985 అయింది. 1971లో టెక్సస్ స్టేడియం, 1973లో లాస్ కొలీనాస్ అనే కొత్త పట్టణభాగం, 1974లో పక్కనే డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం వచ్చాయి. (కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు వెళ్లిపోయాక ఆ స్టేడియాన్ని 2010లో పేల్చి నేలమట్టం చేశారు.) ప్లేనో 1970లో 17,872 మందితో ఉండేది, 1980కి 72,331, 2000కి 2,22,030. ఫ్రిస్కోలో 1990లో ఉన్నది 6,138 మందే. 2000లో 33,714, 2010లో 1,16,989, 2020 జనగణనకు రెండు లక్షలు దాటింది.

అంటే దక్షిణ ఇర్వింగ్‌లో ఇల్లంటే చాలావరకు 1955–70 మధ్యది, ప్లేనోలో 1975–95 మధ్యది, ఫ్రిస్కోలో 2000 తర్వాతది. ఒక్కో కాలపు కట్టడానికీ ఒక్కో జబ్బుంది.

1975కు ముందు కట్టిన ఇంట్లో స్లాబు (ఇక్కడ పైకప్పు కాదు, ఇంటికి పునాదిగా పోసిన కాంక్రీటు పలక) కింద మురుగు పైపులు పోత ఇనుమువి అయ్యుంటాయి. యాభై ఏళ్లకు వాటి అడుగు భాగాన్ని తుప్పు తినేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, స్నానాల గదిలో నీళ్లు నెమ్మదిగా పోతుంటాయంతే. కెమెరా దింపి చూసే సీవర్ స్కోప్‌కు కొన్ని వందల డాలర్లు, స్లాబు తవ్వి పైపులు మార్చాలంటే పదులవేలు. 1965–73 మధ్య ఇళ్లలో అల్యూమినియం వైరింగ్ ఉండొచ్చు. అది ప్లగ్గుల దగ్గర వదులై వేడెక్కుతుంది, కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు పాలసీ ఇవ్వడానికే వెనకాడతాయి. 1978–95 మధ్య ఇళ్లలో, అంటే ప్లేనో వయసు ఇళ్లలో, అడగాల్సింది పాలీబ్యూటిలీన్ నీళ్ల పైపుల గురించి: బూడిదరంగు ప్లాస్టిక్ గొట్టం, వాటర్ హీటర్ దగ్గర కనిపిస్తుంది. క్లోరిన్ నీటికి అది లోపల్నుంచి పెళుసెక్కి ఒకరోజు హఠాత్తుగా పగులుతుంది. కరెంటు ప్యానెల్ మీద ఫెడరల్ పసిఫిక్ అని రాసి ఉంటే దాన్ని మార్చే ఖర్చు బేరంలో కలపండి. లోడు ఎక్కువైనా దాని బ్రేకర్లు పడిపోకపోవడం తెలిసిన లోపం.

ఫ్రిస్కో ఇళ్లలో ఇవేవీ ఉండవు. అక్కడి స్లాబుల్లో ఎక్కువ భాగం పోస్ట్ టెన్షన్‌వి, అంటే కాంక్రీటు లోపల ఉక్కు తీగలు బిగలాగి ఉంటాయి. గరాజ్ నేల మీద ఆ హెచ్చరిక అచ్చువేసి ఉంటుంది. బాత్రూం మార్చాలనో, ఇంకోటనో స్లాబును కోయించేముందు తీగలెక్కడున్నాయో స్కాన్ చేయించాల్సిందే. ఇళ్లు కొత్తవైనా 2000–2005 నాటివాటికి ఇప్పుడు ఏసీలు, వాటర్ హీటర్లు, కిటికీ సీళ్లు అన్నీ ఒకేసారి మార్చే వయసొచ్చింది. అమ్మేవాళ్లలో చాలామంది ఆ ఖర్చు ముందు పెట్టుకోకుండా ఇల్లు వదిలించుకుంటారు.

నేల నల్లరేగడి

ఇక్కడ పత్తి పండిందంటేనే నేల ఏదో మనకు అర్థమవ్వాలి. బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అని పిలిచే ఈ నేల మన ఆదిలాబాద్, కర్నూలు నల్లరేగడి లాంటిదే: ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఈ స్వభావం ఏ ఊరికెళ్లినా వదలదు. ఆగస్టులో ఇంటి అంచున నేల కుంచించుకుపోతుంది, మధ్యలో తడి ఉంటుంది, స్లాబు అంచు కిందికి వంగుతుంది. తలుపు మూల నుంచి ఏటవాలుగా పైకి పాకే పగులు, గొళ్లెం పడని పడగ్గది తలుపు, ఇటుక గోడలో మెట్లుమెట్లుగా విడిన సందు దాని గుర్తులు. వెంట్రుకవాసి పగుళ్లు ప్రతి ఇంట్లో ఉంటాయి. పావు అంగుళం దాటినా, ఒకే గోడలో రెండుమూడు కనిపించినా ఫౌండేషన్ కంపెనీని కాకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. పియర్లు (పునాదిని ఆపడానికి నేలలోకి దింపే స్తంభాలు) అమ్ముకునేవాళ్లకు పియర్లు అక్కర్లేని ఇల్లు కనబడదు.

ఇంతకుముందు పియర్లు వేసిన ఇల్లయితే భయపడక్కర్లేదు. వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందా, స్లాబు ఎత్తిన తర్వాత పైపుల లీకు పరీక్ష చేశారా అని రెండు కాగితాలు అడగండి. ఎత్తేటప్పుడే పాత పైపులు విరుగుతాయి. కొన్నాక చేయాల్సింది సులువు: ఇంటి చుట్టూ గోడకు 12 నుంచి 18 అంగుళాల దూరంలో సోకర్ హోస్ (ఒళ్లంతా సన్నగా నీరు ఊరే గొట్టం) పరిచి, వేసవంతా క్రమం తప్పకుండా నేలను ఒకే తడిలో ఉంచాలి. గోడకు ఆనించి పెడితే నీరు స్లాబు కిందికి పోయి అసలుకే మోసం. నగరం నీటి ఆంక్షలు పెట్టినప్పుడు ఫౌండేషన్ తడుపుకు వేరే వీలు ఉంటుందేమో వాళ్ల నిబంధనల్లో చూసుకోండి.

పై నుంచి వచ్చే ముప్పు వడగళ్లు. ఇన్సూరెన్స్‌లో గాలి, వడగళ్ల డిడక్టిబుల్ ఇంటి కవరేజీలో శాతంగా రాస్తారు. నాలుగు లక్షల డాలర్ల కవరేజీకి 2 శాతం అంటే మొదటి 8,000 మీ జేబులోంచే. పైకప్పు పాతదైతే కొన్ని పాలసీలు కొత్తదాని ఖరీదు ఇవ్వవు, అరుగుదల తీసేసి మిగిలింది ఇస్తాయి. కాబట్టి ఇల్లు నచ్చిన రోజే రూఫ్ ఏ సంవత్సరానిదో కనుక్కుని కోట్ తెప్పించుకోండి.

బడులు: మనవాళ్లు ఎక్కువ పొరబడేది ఇక్కడే

ఇర్వింగ్ నగరంలో మూడు డిస్ట్రిక్టులున్నాయి: ఇర్వింగ్ ఐఎస్‌డీ, కొపెల్ ఐఎస్‌డీ, క్యారల్టన్–ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ. వ్యాలీ రాంచ్‌లో చాలా భాగం కొపెల్ కిందికి వస్తుంది. అక్కడి అద్దెలు ఎక్కువగా ఉండటానికి, తెలుగు కుటుంబాలు అంతగా గుమికూడటానికి అదే కారణం. లీజింగ్ ఆఫీసులో ‘ఇక్కడంతా కొపెల్ స్కూళ్లే’ అంటే నమ్మి సంతకం పెట్టకండి. డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో అపార్ట్‌మెంటు పూర్తి అడ్రస్ కొట్టి, వచ్చే విద్యా సంవత్సరానికి ఏ బడో చూసి, ఆ పేజీ దాచుకోండి.

ఫ్రిస్కోలోనూ ఇదే తిరకాసు. నగరం రెండు కౌంటీల్లో, కాలిన్, డెంటన్‌లలో ఉంది. నగరంలో ఫ్రిస్కో ఐఎస్‌డీతో పాటు ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల ముక్కలున్నాయి. తిరగేస్తే ప్లేనో ఉత్తరపు అంచున కొన్ని వీధులు ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉన్నాయి. పాత చెట్లు, ప్లేనో పన్ను, ఫ్రిస్కో బడులు కావాలనుకునేవాళ్లకు ఆ వీధులు మంచి బేరం, కానీ అక్కడ అమ్మకానికి వచ్చే ఇళ్లు తక్కువ.

బడి పద్ధతిలోనే తేడా ఉంది. ప్లేనో ఐఎస్‌డీలో తొమ్మిది, పది తరగతులకు హైస్కూలు, పదకొండు, పన్నెండుకు సీనియర్ హైస్కూలు. మూడే సీనియర్ హైస్కూళ్లు (ప్లేనో, ప్లేనో ఈస్ట్, ప్లేనో వెస్ట్), ఒక్కోటీ చిన్న కాలేజీ అంత ఉంటుంది. కోర్సుల జాబితా పెద్దది, ఆర్కెస్ట్రా నుంచి రోబోటిక్స్ దాకా అన్నిటికీ మనుషులు దొరుకుతారు. బిడియస్తుడైన పిల్లవాడు మాత్రం ఆ జనంలో కనిపించకుండా పోవచ్చు. ఫ్రిస్కో ఉద్దేశపూర్వకంగా హైస్కూళ్లను చిన్నగా, సుమారు 2,100 మందికి మించకుండా కట్టుకుంటూ పన్నెండు దాకా తెచ్చింది. జట్టులో చోటు దొరకడం తేలిక, కానీ ఊరు పెరిగినకొద్దీ జోన్లు మార్చడం ఎక్కువ. ఇప్పుడు ఆ గాలి కూడా తిరిగింది: ఇళ్ల ధరలకు చిన్నపిల్లల తల్లిదండ్రులు కొనలేకపోవడంతో పిల్లల సంఖ్య తగ్గి, 2024–25 చివర్లో ప్లేనో నాలుగు బడులను, ఫ్రిస్కో స్టేలీ మిడిల్ స్కూలును మూసేశాయి. నడిచివెళ్లే ఎలిమెంటరీ కోసమే ఇల్లు కొంటుంటే ఆ బడిలో ఎంతమంది పిల్లలున్నారో చూడండి. సగం ఖాళీగా ఉన్న పాత బడి ముందు వరసలో ఉన్నట్టే.

రేటింగ్ పది ఉన్న బడే కావాలని పట్టుబట్టేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో తరగతి ర్యాంకును బట్టి నేరుగా సీటిచ్చే చట్టముంది. మామూలుగా పై 10 శాతం. ఆస్టిన్‌లోని యూటీ మాత్రం 2026 ఫాల్ నుంచి పై 5 శాతానికే ఇస్తోంది. అందరూ చదివే బడిలో ఆ 5 శాతంలో నిలవడం ఎంత కష్టమో మనకు కొత్తగా చెప్పాలా! అదే పిల్లవాడు మధ్యస్థంగా ఉన్న బడిలో తేలిగ్గా పైకొస్తాడు. ఆటోమేటిక్ సీటు వచ్చినా కంప్యూటర్ సైన్స్ వస్తుందన్న హామీ లేదు కాబట్టి ర్యాంకొక్కటే సరిపోదు. అయినా లక్ష డాలర్లు ఎక్కువ పెట్టి పిల్లవాడి ర్యాంకు తగ్గించుకోవడం మాకు తెలివైన పనిగా కనిపించదు.

ఆఫీసు, టోల్, రైలు

ఇర్వింగ్, ప్లేనో నగరాలు డాలస్ ప్రాంతపు రైళ్లు, బస్సులు నడిపే సంస్థ డార్ట్‌లో సభ్యులు. అమ్మకపు పన్నులో ఒక సెంటు రవాణాకు ఇస్తాయి. ఫ్రిస్కో చేరలేదు. ఆ సెంటును రెండు అభివృద్ధి కార్పొరేషన్లకు సగం సగం పంచి స్టేడియాలకు, ఆఫీసులకు పెట్టింది. కౌబాయ్స్ శిక్షణా కేంద్రం, గోల్ఫ్ సంస్థ పీజీఏ ప్రధాన కార్యాలయం అక్కడికి రావడంలో ఆ డబ్బు పాత్ర ఉంది. రైలు పేరు పెట్టుకున్న ఊళ్లో ప్రయాణికుల రైలు లేకపోవడానికి కారణమూ అదే. ఇంట్లో ఇద్దరూ పనికెళ్తే ఫ్రిస్కోలో రెండు కార్లు తప్పవు.

ఇర్వింగ్‌లో ఆరెంజ్ లైన్ లాస్ కొలీనాస్‌కు 2012లో, విమానాశ్రయం టెర్మినల్ ఏకు 2014లో చేరింది. ప్లేనోలో స్టేషన్లు తూర్పు వైపున్నాయి, టొయోటా లాంటి పెద్ద ఆఫీసులు పడమటి వైపు లెగసీ దగ్గరున్నాయి. ‘ప్లేనోలో రైలుంది’ అన్న మాట డాలస్ డౌన్‌టౌన్‌కు వెళ్లేవాళ్లకే పనికొస్తుంది. 2025 అక్టోబరులో మొదలైన సిల్వర్ లైన్ తూర్పు ప్లేనో నుంచి నేరుగా విమానాశ్రయానికి తీసుకెళ్తుంది. వారం వారం విమానమెక్కే కన్సల్టెంట్లకు ఇది కలిసొచ్చింది.

ఫ్రిస్కో నుంచి ఆఫీసులకు త్వరగా వెళ్లాలంటే చాలావరకు డాలస్ నార్త్ టోల్‌వే గానీ, 121 మీద శామ్ రేబర్న్ టోల్‌వే గానీ ఎక్కాలి. టోల్‌ట్యాగ్ ఉంటే మైలుకు 20 సెంట్ల పైచిలుకు. రోజుకు 40 మైళ్లు, నెలకు 20 రోజులు అనుకుంటే సుమారు 170 డాలర్లు. ట్యాగ్ లేకుండా వెళ్తే బిల్లు ఇంటికొస్తుంది, అదీ దాదాపు రెట్టింపు రేటుకు. కారు కొన్న రోజే ట్యాగ్ తీసుకోండి. అద్దె తక్కువని ఇంకా ఉత్తరానికి పోయి, ఆ తేడా అంతా టోల్‌కు పోసేవాళ్లను చూస్తూనే ఉంటాం. ఇంటి దగ్గర్నుంచి ఆఫీసుకు ఎంతసేపో ఆదివారం కాదు, మంగళవారం పొద్దున ఏడున్నరకు మ్యాప్‌లో చూడండి.

పన్ను

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు, ఆ లోటంతా ఇంటిపన్ను మీద పడుతుంది. కాలిన్ కౌంటీలో ప్లేనో, ఫ్రిస్కో ఇళ్లకు అన్నీ కలిపి వంద డాలర్ల విలువకు సుమారు 1.7, డాలస్ కౌంటీలోని ఇర్వింగ్‌కు సుమారు 2.1. తేడాలో ఎక్కువ భాగం డాలస్ కౌంటీ ప్రభుత్వాసుపత్రి పార్క్‌లాండ్‌కు వేసే పన్నుది, నగరపు రేటుది. అయిదు లక్షల ఇంటికి మినహాయింపులన్నీ పోను ఏడాదికి పదిహేను వందల దాకా తేడా వస్తుంది. రేట్లు ఏటా మారతాయి, కొనే సంవత్సరంవి చూసి లెక్కేసుకోండి.

సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు పెట్టడం మరవకండి. బడి పన్ను లెక్కలో 1,40,000 డాలర్లు తీసేస్తారు. పౌరసత్వం అక్కర్లేదు, డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి అడ్రస్ ఉండాలి. ఆ తర్వాత పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగదు. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మే 15లోగా, లేదా నోటీసు వచ్చిన 30 రోజుల్లోగా, ఏది తర్వాతైతే అప్పటికి అభ్యంతరం పెట్టొచ్చు.

కొత్త ఇల్లు కొనేవాళ్లకు ఇంకో గొయ్యి ఉంది. జనవరి 1న అక్కడ ఖాళీ స్థలమే ఉంటే మొదటి ఏడాది పన్ను స్థలానికే పడుతుంది. లెండర్ దాన్ని బట్టి నెలకట్టు నిర్ణయిస్తే, రెండో ఏడాది ఎస్క్రో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం లెండర్ నెలనెలా తీసి ఉంచే డబ్బు) లోటు అని నెలకు కొన్ని వందలు ఒక్కసారి పెరుగుతాయి. ఇల్లు పూర్తయినట్టు లెక్కేసుకుని ఆ తేడా పక్కన పెట్టుకోండి.

రోజువారీ సంగతులు

ప్లేనో పాత వీధుల్లో గరాజ్ వెనక సందులోకి ఉంటుంది. ముందు వైపు చెట్లు, కాలిబాట తీరుగా ఉంటాయి, పెరడు చిన్నదవుతుంది, వెనక కంచె ఖర్చు మీదే. ఫ్రిస్కోలో దాదాపు ప్రతి కాలనీకీ హెచ్‌ఓఏ, అంటే ఇంటి యజమానుల సంఘం ఉంటుంది. కంచె రంగు మార్చాలన్నా అర్జీ పెట్టాలి. గుమ్మానికి తోరణం కట్టుకోవడాన్ని మాత్రం ఊరికే ఆపలేరు, ద్వారం దగ్గర మతపరమైన గుర్తులకు రాష్ట్ర చట్టం రక్షణ ఇచ్చింది. దక్షిణ ఇర్వింగ్‌లో చాలా వీధులకు హెచ్‌ఓఏనే లేదు. పక్కింటాయన ముందు నాలుగు కార్లు నిలిపినా అడిగేవాళ్లుండరు.

కూరగాయలకు, టిఫిన్లకు ఇర్వింగ్‌లోని మెకార్థర్ రోడ్డు చాలు. ఏక్తా మందిర్ కూడా ఇర్వింగ్‌లోనే, ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ఉంది. ఈ విషయంలో ఇప్పుడు మూడు ఊళ్లకూ పెద్ద తేడా లేదు.

కరెంటు కంపెనీని మీరే ఎంచుకోవాలి. పడమటి ఫ్రిస్కోలో కోసర్వ్ సహకార సంఘం ఉన్న చోట్ల ఆ వీలుండదు. ప్లాన్ చూసేటప్పుడు పైన రాసిన రేటుకు మోసపోకండి. సరిగ్గా 1,000 యూనిట్లు దాటితేనే వంద డాలర్ల తగ్గింపు ఇచ్చే ప్లాన్లుంటాయి, 990 వాడిన నెల ఒక్క సెంటూ తగ్గదు. ప్లాన్ వివరాలు రాసిచ్చే ఫ్యాక్ట్స్ లేబుల్‌లో 500, 1,000, 2,000 యూనిట్ల రేట్లు మూడూ దగ్గరదగ్గరగా ఉన్నదే తీసుకోండి.

అద్దెకుండేవాళ్లు లీజులో 60 రోజుల నోటీసు షరతు వెతకండి. లీజు తేదీ అయిపోతోందని ముందురోజు చెప్తే ఇంకో రెండు నెలల అద్దె మీద పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇవ్వండి. డిపాజిట్ 30 రోజుల్లో తిరిగివ్వాల్సిన బాధ్యత ఓనరుపై ఉన్నా, అడ్రస్ ఇవ్వకపోతే ఆ బాధ్యత మొదలవదు.

కొనేవాళ్లకు ఆప్షన్ పీరియడ్ ఉంటుంది. చిన్న రుసుము కట్టి, సాధారణంగా వారం పది రోజులు, కారణం చెప్పకుండా వెనక్కి తగ్గే హక్కు అది. రుసుము మూడు రోజుల్లో చేరాలి. మొదటి రెండు రోజుల్లో ఇన్‌స్పెక్టర్, అదే రోజు సీవర్ స్కోప్, పగుళ్లుంటే నాలుగో రోజుకు ఇంజనీరు, ఈలోపు ఇన్సూరెన్స్ కోట్. మరమ్మతుల బేరం ఆఖరి రోజుకు మిగల్చకండి. గడువు అర్ధరాత్రికి కాదు, చివరి రోజు సాయంత్రం అయిదింటికే ముగుస్తుంది. ఆ తర్వాత మనసు మార్చుకుంటే ఎర్నెస్ట్ మనీ (ముందుగా కట్టిన బయానా) పోయే ప్రమాదముంది.